ఆళ్లగడ్డలో పాము కరిస్తే.. మందు కొనేది మంగళగిరిలో! అసలీ సెంట్రల్ కొనుగోళ్ల లెక్కేంటి?

వానాకాలం మొదలైందంటే ఆళ్లగడ్డ, రుద్రవరం, అహోబిలం వైపు పొలం పనులతో పాటు ఇంకో భయం కూడా మొదలవుతుంది. పాములు. నల్లమల అంచునే ఊళ్లు, ఊళ్లను ఆనుకునే పొలాలు. రాత్రి పూట నీళ్లు కట్టడానికి పోయిన రైతు, తెల్లారగట్ల గడ్డి కోయడానికి వంగిన కూలీ.. ఎవరికైనా ఎప్పుడైనా జరగొచ్చు. అలాంటప్పుడు దగ్గర్లోని సర్కారు ఆస్పత్రిలో యాంటీ స్నేక్ వీనం, అంటే పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉందా లేదా అన్నదాని మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది.

మరి ఆ సీసా అక్కడికి ఎలా వస్తుంది? ఆళ్లగడ్డ డాక్టర్ కొనరు. నంద్యాల కలెక్టర్ కొనరు. 200 కిలోమీటర్లకు పైగా దూరంలో, మంగళగిరిలో ఉన్న ఒక ప్రభుత్వ సంస్థ టెండర్ పిలిచి కొంటుంది. దాని పేరు ఆంధ్రప్రదేశ్ వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ. పలకడానికి పొడుగ్గా ఉంటుంది కాబట్టి అందరూ ఏపీఎంఎస్ఐడీసీ అంటారు. పారాసిటమాల్ మాత్ర నుంచి స్కానింగ్ మెషీన్ దాకా కొనేది ఇదే. ఆస్పత్రి బిల్డింగులు కట్టించేదీ ఇదే.

ఇలా అన్ని ఆస్పత్రుల తరఫున ఒక్కరే కొనడాన్నే సెంట్రల్ ప్రొక్యూర్‌మెంట్ అంటున్నారు. మందులకే కాదు, బడి పిల్లల బూట్ల నుంచి ఆఫీసు కంప్యూటర్ల దాకా ప్రభుత్వాలన్నీ ఇప్పుడు ఇదే దారి పట్టాయి. దీనివల్ల రేటు తగ్గుతుందన్నది నిజం. కానీ రేటు తగ్గినంత మాత్రాన మందు ఆళ్లగడ్డ కౌంటర్ దాకా వస్తుందని గ్యారంటీ లేదు. మధ్యలో ఏం జరుగుతుందో చూద్దాం.

ఒకే టీకా.. రూ.150, రూ.300, రూ.600

అందరి తరఫున ఒకరు కొంటే ఏమవుతుంది, ఎవరికి వారు కొంటే ఏమవుతుంది? దీనికి పుస్తకాల్లో ఉదాహరణలు వెతకక్కర్లేదు. 2021 ఎండాకాలం గుర్తుచేసుకుంటే చాలు.

కరోనా సెకండ్ వేవ్ నడుస్తున్న టైమ్‌లో, ఆ ఏడాది మే 1 నుంచి కేంద్రం టీకాల పాలసీ మార్చింది. తయారైన టీకాల్లో సగం కేంద్రం కొంటుంది, మిగతా సగం రాష్ట్రాలు, ప్రైవేటు ఆస్పత్రులు కంపెనీల నుంచి నేరుగా కొనుక్కోవాలి అంది. కేంద్రానికి కోవిషీల్డ్ డోసు రూ.150. అదే కోవిషీల్డ్ రాష్ట్రాలకు మొదట రూ.400 అన్నారు, విమర్శలు వచ్చాక రూ.300కి తగ్గించారు. ప్రైవేటు ఆస్పత్రులకు రూ.600. కోవాగ్జిన్ అయితే రాష్ట్రాలకు మొదట రూ.600 అని, తర్వాత రూ.400 చేశారు. అదే ఫ్యాక్టరీ, అదే సీసా. కొనేవాడు చిన్నవాడైన కొద్దీ రేటు పెరిగింది.

ఆంధ్రప్రదేశ్ ఇంకో ప్రయత్నం కూడా చేసింది. కోటి డోసుల కోసం గ్లోబల్ టెండర్ పిలిచింది. జూన్ 3 దాకా గడువు ఇచ్చినా ఒక్క బిడ్ కూడా రాలేదు. వేరే రాష్ట్రాలదీ ఇంచుమించు అదే పరిస్థితి. ఒకే దేశంలోని రాష్ట్రాలు అవే నాలుగు కంపెనీల తలుపులు విడివిడిగా తట్టి, ఒకదానితో ఒకటి పోటీ పడ్డాయి. చివరికి జూన్ 7న ప్రధాని టీవీలో మాట్లాడుతూ రాష్ట్రాల వాటా 25 శాతాన్ని కూడా కేంద్రమే కొంటుందని ప్రకటించారు. జూన్ 21 నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఇక్కడ రాజకీయం ఎలా ఉన్నా, లెక్క మాత్రం క్లియర్. నంద్యాల సంతలో బస్తా కొనేవాడికి ఒక రేటు, లారీ లోడ్ కొనేవాడికి ఇంకో రేటు ఉన్నట్టే ఇదీ.

అంతకుముందు ఏడాది జరిగిన ఇంకో సంగతి చాలామంది మర్చిపోయి ఉంటారు. 2020 ఏప్రిల్‌లో ఏపీ దక్షిణ కొరియా నుంచి లక్ష కరోనా ర్యాపిడ్ టెస్ట్ కిట్లు తెప్పించింది. ఒక్కో కిట్ రూ.730. కొద్ది రోజుల్లోనే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తాము కొరియా కంపెనీ కిట్లనే రూ.337 ప్లస్ జీఎస్టీకి కొన్నామని ప్రకటించడంతో ఇక్కడ పెద్ద దుమారం రేగింది. అప్పుడు రాష్ట్ర అధికారులు చెప్పిన జవాబు ఏంటంటే.. ఆర్డర్‌లోనే ఒక షరతు పెట్టాం, ఈ దేశంలో ఇంకెవరికైనా ఇంతకంటే తక్కువకు అమ్మితే మాకూ అదే రేటు వర్తిస్తుంది, కాబట్టి తక్కువ రేటే కడతాం అని. చూడటానికి ఒక్క లైన్ షరతే. కానీ కొనుగోలు సంస్థలో ఇలాంటి లైన్ రాయగలిగే మనుషులు ఉన్నారా లేదా అన్నదే అసలు విషయం. ఒక పీహెచ్‌సీ డాక్టర్ రోజుకు వంద మంది పేషెంట్లను చూస్తూ ఆ పని చేయలేరు కదా.

ఆళ్లగడ్డ నుంచి ఇండెంట్ ఎలా వెళ్తుంది?

ఇక్కడి నుంచే కథ కాస్త చిక్కుపడుతుంది.

నంద్యాల జిల్లాలోని సర్కారు ఆస్పత్రులన్నీ ఒకే శాఖ కింద లేవు. నంద్యాల జనరల్ ఆస్పత్రి 2023లో మెడికల్ కాలేజీ మొదలయ్యాక బోధనాస్పత్రి అయింది, కాబట్టి వైద్య విద్య విభాగం కిందికి వస్తుంది. ఆళ్లగడ్డ ఆస్పత్రి లాంటివి వైద్య విధాన పరిషత్ అని జనానికి అలవాటైన సెకండరీ హెల్త్ విభాగం కింద ఉంటాయి. ఊళ్లలోని పీహెచ్‌సీలు ప్రజారోగ్య శాఖవి. ముగ్గురికీ వేర్వేరు బడ్జెట్లు. ఎవరి అవసరం వాళ్లు లెక్కేసి పంపాలి. దాన్నే ఇండెంట్ అంటారు. వీటన్నింటినీ కలిపి రాష్ట్రం మొత్తానికి ఏ మందు ఎన్ని లక్షల మాత్రలు కావాలో తేల్చి, అప్పుడు ఏపీఎంఎస్ఐడీసీ టెండర్ పిలుస్తుంది.

టెండర్‌లో రెండు కవర్లు ఉంటాయి. మొదటి దాంట్లో కంపెనీ అర్హతలు.. లైసెన్సులు, టర్నోవర్, గతంలో నాసిరకం మందులిచ్చి బ్లాక్‌లిస్ట్‌లో పడిందా లాంటివి. అది పాసైన వాళ్ల రెండో కవర్ మాత్రమే, అంటే రేటు కవర్ మాత్రమే తెరుస్తారు. అందరికంటే తక్కువ కోట్ చేసిన కంపెనీని ఎల్1 అంటారు. దానితో ఏడాదికో రెండేళ్లకో రేట్ కాంట్రాక్ట్ కుదురుతుంది. అంటే అన్నీ ఒకేసారి కొని గోడౌన్‌లో పోసేయరు. ఆ రేటుకు, ఎప్పుడు ఆర్డర్ ఇస్తే అప్పుడు సప్లై చేయాలన్నమాట.

వచ్చిన మందులు జిల్లాల్లోని సెంట్రల్ డ్రగ్ స్టోర్లకు చేరతాయి. ఉమ్మడి జిల్లాగా ఉన్నన్నాళ్లూ నంద్యాల, ఆళ్లగడ్డ ఆస్పత్రులకు ఆధారం కర్నూలులోని డ్రగ్ స్టోరే. ఆళ్లగడ్డ నుంచి కర్నూలు 100 కిలోమీటర్ల పైమాటే. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. కలెక్టరేట్ బోర్డు ఒక్క రోజులో మారుతుంది. మందుల లారీ తిరిగే రూట్, గోడౌన్, కోల్డ్ స్టోరేజ్ మాత్రం అంత తేలిగ్గా మారవు. ఏ స్టోర్‌లో ఏ మందు ఎంత ఉంది, ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుంది అన్నది ఈ-ఔషధి అనే ఆన్‌లైన్ సిస్టమ్‌లో నమోదు చేయాలి.

పేపర్ మీద చూస్తే అంతా బాగానే ఉంది. మళ్లీ పాము దగ్గరికి వద్దాం.

పోయినేడు ముగ్గురు.. ఈ ఏడాది?

ఇండెంట్ వేసేటప్పుడు మామూలుగా చేసే పని ఏంటంటే, పోయిన ఏడాది ఎంత ఖర్చయిందో చూసి దానికి కాస్త కలిపి రాయడం. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలకు ఈ లెక్క చక్కగా పనిచేస్తుంది. పేషెంట్లు పెద్దగా మారరు, రోజుకు ఎన్ని మాత్రలో తెలుసు, పన్నెండు నెలలతో హెచ్చవేస్తే సరిపోతుంది.

పాము విరుగుడుకు ఈ లెక్క పనిచేయదు. విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తే చికిత్స మార్గదర్శకాల ప్రకారం మొదటి విడతలోనే 8 నుంచి 10 సీసాలు ఎక్కించాలి. చిన్న పిల్లలకైనా డోసు తగ్గదు, ఎందుకంటే పాము పిల్లాడని చూసి విషం తగ్గించి వదలదు. లక్షణాలు తగ్గకపోతే ఇంకో విడత. అంటే ఒక్క మనిషికే 20 సీసాలు కావాల్సి రావచ్చు. పోయినేడు ముగ్గురే వచ్చారని 30 సీసాలు రాసుకున్న ఆస్పత్రికి ఈసారి వానలకు ఒకే వారంలో ముగ్గురు వస్తే? నాలుగో మనిషిని అంబులెన్స్‌లో నంద్యాల పంపాలి. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు హైవే మీద 40 కిలోమీటర్లు. పాము కాటులో ఆ ముప్పావు గంట చిన్నది కాదు.

పోయినేడు స్టాకే లేకపోతే పరిస్థితి ఇంకా విచిత్రంగా ఉంటుంది. మందు లేదు కాబట్టి పేషెంట్లను పంపించేశారు, పంపించేశారు కాబట్టి రికార్డులో వాడకం సున్నా, వాడకం సున్నా కాబట్టి ఈ ఏడాది ఇండెంట్ కూడా తక్కువే. కంప్యూటర్ దృష్టిలో ఆ ఊళ్లో పాములే లేవు.

అందుకే పాము కాటు కేసుల లెక్క సరిగ్గా రాయడం కూడా కొనుగోళ్లలో భాగమే. పాము కాటు మరణాలను 2030కల్లా సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో పాము కాటు కేసులను తప్పనిసరిగా రిపోర్ట్ చేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చాలని రాష్ట్రాలను కోరింది. ప్రైవేటు ఆస్పత్రుల కేసులు కూడా లెక్కలోకి వస్తే రుద్రవరం వైపు ఎన్ని సీసాలు కావాలో అంచనా వేయడం కొంత తేలికవుతుంది.

ఇంకో చిక్కు, అమ్మేవాళ్లు తక్కువ కావడం. పారాసిటమాల్ అయితే హైదరాబాద్ చుట్టుపక్కలే బోలెడు కంపెనీలు చేస్తాయి. పాము విరుగుడు అలా కాదు. పాముల నుంచి విషం తీయాలి, దాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించాలి, వాటి రక్తంలో తయారైన విరుగుడును శుద్ధి చేయాలి. నెలల తరబడి పని. మన దేశంలో చేసే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాళ్లకు కావాల్సిన విషంలో చాలా భాగం తమిళనాడులో ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర.. ఈ నాలుగింటికీ కలిపి ఒకే విరుగుడు. ఇలాంటి మందుకు రేటు మరీ గీచి గీచి బేరమాడితే కంపెనీలు టెండర్‌కే రాకపోవచ్చు. కోటి డోసుల గ్లోబల్ టెండర్‌కు ఎవరూ రానట్టే.

అంటే అన్ని మందులనూ ఒకే గాటన కట్టి, తక్కువ రేటు ఒక్కటే చూసుకుంటే కుదరదు. వంద మంది అమ్మే సరుకుకు ఎల్1 బేరం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నలుగురే అమ్మే సరుకుకు ముందుగా పరిమాణం హామీ ఇవ్వాలి, టైమ్‌కు డబ్బులు కట్టాలి, ఇద్దరు సప్లయర్లను పెట్టుకోవాలి.

తమిళనాడు ఏం చేసింది?

మందుల కొనుగోళ్ల గురించి ఎక్కడ చర్చ జరిగినా తమిళనాడు పేరు రాకుండా ఉండదు. 1994లో అక్కడ తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ పెట్టారు. 1995 జనవరి నుంచి మందుల సప్లై మొదలైంది. కేరళ, రాజస్థాన్ లాంటి రాష్ట్రాలు తర్వాత దాన్ని చూసే తమవి పెట్టుకున్నాయి. అంతకుముందు అక్కడా అన్ని చోట్లా ఉన్న గోలే. కొనుగోళ్లలో అక్రమాలు, గోడౌన్లలో ఎక్స్‌పైరీ సరుకు, కౌంటర్‌లో 'లేదు' అనే సమాధానం.

వాళ్లు చేసిన పనుల్లో టెండర్ ఒక్కటే గొప్పది కాదు. ప్రతి ఆస్పత్రికీ ఒక పాస్‌బుక్ ఇచ్చారు. అచ్చం బ్యాంకు పాస్‌బుక్ లాంటిదే. ఈ ఏడాది మీకు ఇంత విలువైన మందులు అని అందులో రాసి ఉంటుంది. డాక్టర్ తనకు కావాల్సినవి కావాల్సినప్పుడు జిల్లా గోడౌన్ నుంచి తీసుకుంటారు, ఆ మేరకు పాస్‌బుక్‌లో తగ్గుతుంది. కొనేది చెన్నైలో, ఏది కావాలో చెప్పేది మాత్రం ఊళ్లోని డాక్టర్. పైవాళ్లు లారీలో ఏది వేసి పంపితే అది దింపుకునే పద్ధతికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

రెండోది క్వాలిటీ. గోడౌన్‌కు వచ్చిన ప్రతి బ్యాచ్ నుంచి శాంపిల్ తీసి, కంపెనీ పేరు కనిపించకుండా కోడ్ నంబర్ వేసి ల్యాబ్‌కు పంపుతారు. పాసైతేనే ఆస్పత్రులకు వెళ్తుంది. ఇది సెంట్రల్ కొనుగోళ్లలో చాలా ముఖ్యం. ఎందుకంటే ఒక ఆస్పత్రి ఒక నాసిరకం డబ్బా కొంటే నష్టం ఆ ఊరికే. రాష్ట్రం మొత్తానికి ఒక్కరే కొన్నప్పుడు నాసిరకం బ్యాచ్ ఒకటి జారిపోతే శ్రీకాకుళం నుంచి ఆళ్లగడ్డ దాకా అదే మందు. అయితే లాభం కూడా ఉంది. బ్యాచ్ నంబర్ సిస్టమ్‌లో ఉంటుంది కాబట్టి తేడా తెలిసిన రోజే అన్ని చోట్లా ఆపేయొచ్చు.

మూడోది, బిల్లులు. సప్లై చేసి, టెస్ట్ పాసైతే డబ్బులు టైమ్‌కు వస్తాయన్న నమ్మకం కంపెనీలకు కలిగింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ రేటు తగ్గడానికి అసలు కారణాల్లో ఇదొకటి. బిల్లు ఆరు నెలలకో ఏడాదికో వస్తుందని తెలిస్తే కంపెనీ ఆ వడ్డీని కూడా ముందే రేటులో కలిపి కోట్ చేస్తుంది. లేదంటే పాత బాకీ వచ్చేదాకా కొత్త సరుకు పంపదు. ఏపీలో సప్లయర్ల బకాయిల మాట ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా వినిపిస్తూనే ఉంది. ఒక చిన్న మందుల షాపు బాకీ పడితే పక్క ఏజెన్సీకి పోతుంది. రాష్ట్రం మొత్తానికి ఒక్కటే సంస్థ బాకీ పడితే పోవడానికి పక్క ఏజెన్సీ ఉండదు.

ఆ మిగిలిన 20 శాతం

సెంట్రల్ సప్లై ఆగితే ఆస్పత్రి చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందేనా? కాదు. మందుల బడ్జెట్‌లో సుమారు 80 శాతం సెంట్రల్ కొనుగోళ్లకు, 20 శాతం అత్యవసరంగా ఆస్పత్రులే స్థానికంగా కొనుక్కోవడానికి అన్నది మన దగ్గర చాలాకాలంగా ఉన్న ఫార్ములా. అంటే స్టాక్ అయిపోయిందనుకోండి, సూపరింటెండెంట్ నంద్యాలలోని మందుల ఏజెన్సీ నుంచి తెప్పించవచ్చు. రేటు కాస్త ఎక్కువైనా పేషెంట్‌కు అందుతుంది.

ఈ 20 శాతం చుట్టూనే ఎప్పుడూ గొడవ. ఎక్కువ ఇస్తే దుర్వినియోగం, తక్కువ ఇస్తే ప్రాణాల మీదికి.

దుర్వినియోగం మాట ఊరికే అనడం లేదు. కార్మికుల కోసం నడిచే ఈఎస్ఐ ఆస్పత్రుల మందుల కొనుగోళ్లపై 2019లో తెలంగాణలో ఏసీబీ కేసులు పెట్టింది. 2020లో ఏపీలోనూ విజిలెన్స్ రిపోర్ట్ బయటికొచ్చింది, తర్వాత ఏసీబీ కేసు నమోదు చేసింది. రెండు చోట్లా వచ్చిన ప్రధాన ఆరోపణ ఒకటే. రేట్ కాంట్రాక్ట్ ఉన్న కంపెనీలను పక్కనపెట్టి, లేని వాటి నుంచి ఎక్కువ రేట్లకు కొన్నారని. అంటే ఎమర్జెన్సీ కోసం తెరిచి ఉంచిన చిన్న తలుపు నుంచే లారీలు పోయాయన్నది అభియోగం.

అలాగని ఆ తలుపు మూసేస్తే? సంతకం పెట్టిన ప్రతి లోకల్ బిల్లుకూ రేపు ఆడిట్ అభ్యంతరం వస్తుందనే భయంతో డాక్టర్లు అసలు కొనడమే మానేస్తారు. పేషెంట్ చేతికి చీటీ రాసి 'బయట తెచ్చుకోండి' అంటారు. ఇందులో అక్రమం ఏమీ లేదు, ఫైలు శుభ్రంగా ఉంటుంది. డబ్బులు మాత్రం కూలి పని చేసుకునే మనిషి జేబులోంచి పోతాయి. ఆడిట్‌లో కనిపించని ఖర్చు ఇదే.

మందులొక్కటే కాదు

ఆన్‌లైన్ టెండర్ల విషయంలో మన రాష్ట్రం ఒకప్పుడు దేశానికే ముందు నడిచింది. ఉమ్మడి ఏపీలో 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ ప్లాట్‌ఫామ్ మొదలైంది. అంతకుముందు టెండర్ ఫారం చేత్తో తీసుకెళ్లి ఆఫీసులోని డబ్బాలో వేయాలి. ఆ డబ్బా దాకా వేరేవాళ్లను రానివ్వకుండా చూసుకోవడమే కొందరు కాంట్రాక్టర్ల అసలు టాలెంట్. రాయలసీమలో పాతతరం వాళ్లను అడిగితే ఆ కథలు ఇప్పటికీ చెబుతారు. కంప్యూటర్‌లో బిడ్ వేయడం మొదలయ్యాక కనీసం ఆఫీసు గేటు దగ్గర కాపలా కాయడం దండగైంది. రింగ్ అవ్వడం పూర్తిగా పోయిందా అంటే, అది వేరే కథ.

ఢిల్లీలో ఇంకా పెద్ద మార్పు జరిగింది. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు దశాబ్దాల తరబడి రేట్ కాంట్రాక్టులు కుదిర్చిన డీజీఎస్ అండ్ డీ అనే సంస్థను 2017 అక్టోబర్ 31న మూసేశారు. దాని స్థానంలో 2016లో మొదలైన జెమ్ పోర్టల్ నిలబడింది. ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లాగే ఉంటుంది, కాకపోతే కొనేది ప్రభుత్వ ఆఫీసులు. 2024-25లో దాని మీద జరిగిన కొనుగోళ్లు రూ.5 లక్షల కోట్లు దాటాయి. దక్షిణ కొరియా అయితే ఇలాంటి దేశవ్యాప్త పోర్టల్‌ను 2002లోనే తెచ్చింది.

ఇక్కడ ఆళ్లగడ్డ, నంద్యాల చిన్న వ్యాపారులకు ఒక ప్రశ్న ఉంది. అన్నీ పైనే కొంటే మా గతేంటి? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం. రాష్ట్రం మొత్తానికి కలిపి ఒకే టెండర్ పిలిస్తే టర్నోవర్ షరతు కోట్లలో ఉంటుంది, ఊళ్లో బెంచీలు చేసే షెడ్డు దానికి బిడ్ కూడా వేయలేదు. కేంద్రం తన శాఖలు, సంస్థల కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచే ఉండాలని, అందులో ఎస్సీ ఎస్టీలకు 4 శాతం, మహిళలకు 3 శాతం కేటాయించాలని రూల్ పెట్టింది. పెద్ద టెండర్‌ను ముక్కలు చేసి పిలవకపోతే ఆ రూల్ ఊళ్ల దాకా రాదు.

మధ్యే మార్గం ఎలా ఉంటుందో మన బడుల్లోనే చూడొచ్చు. 2020లో విద్యాకానుక పేరుతో సర్కారు బడి పిల్లలకు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు బ్యాగు, బూట్లు, బెల్టు, యూనిఫాం గుడ్డ అన్నీ పైనుంచే కొన్నారు. యూనిఫాం మాత్రం కుట్టి ఇవ్వలేదు. గుడ్డ ఇచ్చి, కుట్టుకూలి డబ్బులు ఇస్తామన్నారు. గుడ్డ లక్షల మీటర్లలో కొంటే చవక, కాబట్టి అది సెంట్రల్. కొలతలు ఒక్కో పిల్లాడివి ఒక్కో రకం, కాబట్టి కుట్టుపని ఊళ్లోని టైలర్‌కు. అదే బూట్ల దగ్గరికి వచ్చేసరికి పాదాల కొలతలు ముందే బడుల నుంచి తెప్పించాల్సి వస్తుంది. జనవరిలో కొలిచిన కాలు జూన్‌కు పెరుగుతుంది కదా! ఇక ఆళ్లగడ్డ పేరు చెప్పగానే గుర్తొచ్చే రాతి శిల్పాల సంగతైతే అసలు ఎల్1 లెక్కకు అందదు. విగ్రహం చెక్కడానికి తక్కువ కోట్ చేసినవాడికే పని ఇస్తామంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

'మందు లేదు' అంటే మీరేం అడగాలి?

కౌంటర్‌లో ఉన్న ఫార్మసిస్ట్‌తో గొడవ పడి లాభం లేదు. టెండర్ పిలిచింది ఆయన కాదు. కానీ 'లేదు' అన్న మాట వెనక చాలా కారణాలు ఉండొచ్చని ఇప్పటిదాకా చూశాం కాబట్టి ఏ కారణమో అడగొచ్చు. ఆ మందు అసలు ఆస్పత్రి జాబితాలో ఉందా? ఉంటే ఇండెంట్ పెట్టారా? పెడితే డ్రగ్ స్టోర్‌లో స్టాక్ ఉందా, లేక కంపెనీయే సప్లై చేయలేదా? స్టోర్‌లోనే లేకపోతే లోకల్‌గా ఎందుకు కొనలేదు? ఈ ప్రశ్నలు ఆస్పత్రి సూపరింటెండెంట్‌ను అడగొచ్చు. రాతపూర్వకంగా కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. సోమవారం నంద్యాల కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ ఇవ్వొచ్చు. మందు పేరు, తేదీ, బయట కొన్న బిల్లు జత చేస్తే అర్జీకి బలం ఉంటుంది. ఉత్తి 'మందులు ఇవ్వడం లేదు' అని రాస్తే సమాధానం కూడా అలాగే వస్తుంది.

ప్రభుత్వం సప్లై చేసే స్ట్రిప్‌లు, సీసాల మీద అమ్మకానికి కాదని అచ్చు వేసి ఉంటుంది. అలాంటి స్ట్రిప్ బయట షాపులో కనిపిస్తే కొనకండి, బ్యాచ్ నంబర్ ఫొటో తీసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయండి.

పాము కాటు అయితే మాత్రం ఈ ప్రశ్నలన్నీ తర్వాత. ముందు 108కి ఫోన్ చేయండి. కాటు వేసిన చోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయొద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా పట్టి ఉంచండి, మనిషిని నడిపించకండి. వెళ్లబోయే ఆస్పత్రికి దారిలోనే ఫోన్ చేసి విరుగుడు ఇంజెక్షన్ ఎన్ని సీసాలు ఉన్నాయో అడగండి. 'ఉంది' అంటే సరిపోదు, పది ఉన్నాయా అని అడగండి.